ఉబ్బినవి మార్చాను, మూడో రోజుకి మళ్లీ ఆగింది: టీవీ పవర్ బోర్డులో కెపాసిటర్ల మార్పు, నా అనుభవం

2024 నవంబర్ చివరి వారంలో మొదలైంది. 2014లో కొన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. ఉదయం పూట రిమోట్ నొక్కితే ఎర్ర లైటు రెండుసార్లు మినుకుమని ఊరుకునేది. మూడోసారో నాలుగోసారో నొక్కితే వచ్చేది. వచ్చాక రాత్రి దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. డిసెంబర్ 2 నాటికి బొమ్మ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. డిసెంబర్ 7, శనివారం ఉదయం ఇక రాలేదు. ఎర్ర లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతోంది, వెనక చెవి పెడితే గడియారంలా టిక్ టిక్ అని సన్నటి చప్పుడు.

ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోండి. మొదట చలిలో మొండికేయడం, వేడెక్కాక మామూలుగా పనిచేయడం, ఆ వేడెక్కే సమయం రోజురోజుకీ పెరగడం, చివరికి పూర్తిగా ఆగడం. ఇలా జరిగితే పవర్ సప్లైలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే ఛార్జీని నిలవ ఉంచే, లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉండే చిన్న డబ్బాలు, ఎండిపోతున్నట్టే అనుకోవచ్చు. పిడుగు పడో, ఓల్టేజీ ఎగిరో పోయిన టీవీ ఇలా వారాల తరబడి మొరాయించదు, ఒక్కసారే చస్తుంది.

8వ తేదీ ఆదివారం మెకానిక్ వచ్చి చూశారు. వెనక డబ్బా విప్పకుండానే, "బోర్డు పోయింది సార్, యూనివర్సల్ బోర్డు వేసేద్దాం, 2,400 అవుతుంది" అన్నారు. విజిటింగ్ ఛార్జీ 300. యూనివర్సల్ బోర్డుకి నేను ఒప్పుకోలేదు. పాత బోర్డులో బ్యాక్‌లైట్ డ్రైవర్, అంటే తెర వెనక దీపాలని నడిపే భాగం, కూడా కలిసే ఉంది. యూనివర్సల్ బోర్డు వేస్తే వైర్లు కోసి అతకాలి, బ్యాక్‌లైట్ కరెంటు సరిగ్గా కుదరకపోతే లోపలి ఎల్‌ఈడీ పట్టీలు త్వరగా మాడిపోవచ్చు. పది ఇరవై రూపాయల కెపాసిటర్ల కోసం బాగున్న బోర్డుని తీసి పారేయడానికి మనసొప్పలేదు.

ఆ మధ్యాహ్నమే విప్పాను. మంచం మీద దుప్పటి పరిచి తెర కిందికి పెట్టి పడుకోబెట్టాలి. గట్టి బల్ల మీద పెడితే ప్యానెల్ మూల నొక్కుకుని పగులుతుంది. వెనక 14 స్క్రూలు, మూడు పొడవులవి. ఒక అట్ట మీద టీవీ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాను. పొడవు స్క్రూ పొట్టిది ఉండాల్సిన చోట బిగిస్తే నేరుగా ప్యానెల్‌లోకి దిగుతుంది కాబట్టి ఈ పని దండగ కాదు. కనెక్టర్లు ఊడదీసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను.

ఇక్కడే మొదటి ఆశ్చర్యం. ప్లగ్ తీసి అప్పటికి నలభై నిమిషాలైంది. బోర్డు మీద బొటనవేలంత లావున్న పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య మీటర్ పెడితే 187 ఓల్టులు చూపించింది. దానిమీద రాసి ఉన్నది 120 మైక్రోఫారడ్ (ఛార్జీ పట్టే కొలత), 450 ఓల్టులు. మన ఇంటి 230 ఓల్టుల ఏసీ డయోడ్ బ్రిడ్జి దాటేసరికి 325 ఓల్టుల డీసీ అవుతుంది. పవర్ ఫ్యాక్టర్ దిద్దే సర్క్యూట్ ఉన్న బోర్డుల్లో టీవీ నడుస్తున్నప్పుడు 380 నుంచి 400 దాకా వెళ్తుంది. బాగున్న టీవీలో ప్లగ్ తీశాక ఆ ఛార్జీని సర్క్యూటే కాసేపట్లో వాడేసుకుంటుంది. సప్లై మొదలే కాని బోర్డులో వాడుకునే దిక్కు ఉండదు, ఛార్జీ అలాగే కూర్చుంటుంది. అంటే పనిచేసే బోర్డుకంటే పాడైన బోర్డే చేతికి ఎక్కువ ప్రమాదం. దయచేసి ఈ ఒక్క విషయంలో తొందరపడకండి.

స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లనీ కలిపేసి 'ఠప్' మనిపించడం చాలామంది చేస్తారు. 400 ఓల్టుల దగ్గర ఆ కెపాసిటర్‌లో దాదాపు పది జౌళ్ల శక్తి ఉంటుంది. ఆ మెరుపుకి ట్రాక్, అంటే బోర్డు మీది రాగి దారి, కాలుతుంది, కంట్లోకి లోహపు తునకలు ఎగరవచ్చు. నేను 2.2 కిలో ఓమ్, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్‌కి రెండు వైపులా మందం ఇన్సులేషన్ వైరు అతికించి, ఐదు సెకన్లు పట్టుకున్నాను. 187 నుంచి సున్నాకి దిగింది. రెండు నిమిషాలాగి మళ్లీ చూస్తే 3 ఓల్టులు. పెద్ద కెపాసిటర్లు ఇలా కొంచెం కోలుకుంటాయి, అందుకే రెండోసారి కూడా ఖాళీ చేసి, మీటర్ చూశాకే చెయ్యి పెట్టాను. ఈ పని విప్పిన ప్రతిసారీ చేయాల్సిందే.

బోర్డు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి మందమైన తెల్ల గీత ఉంటుంది. గీతకి అటువైపు కరెంటు ప్లగ్ వైపు, దాన్నే వేడి వైపు అంటారు, ఇటువైపు 5, 12 ఓల్టులు వచ్చే చల్లటి వైపు. రెంటినీ కలిపేవి ట్రాన్స్‌ఫార్మర్లు, వెలుతురుతో సంకేతం దాటించే ఆప్టోకప్లర్లు, నీలం రంగు బిళ్ల కెపాసిటర్లు మాత్రమే. ఇటువైపు చూడగానే ముగ్గురు దోషులు దొరికారు. స్టాండ్‌బై 5 ఓల్టుల లైనులో రెండు 1000 మైక్రోఫారడ్ 10 ఓల్టులవి, 12 ఓల్టుల లైనులో ఒక 1000 మైక్రోఫారడ్ 16 ఓల్టులది.

ఉబ్బడం అంటే ఎలా ఉంటుందో దగ్గరగా చెప్తాను. కెపాసిటర్ నెత్తిన ప్లస్ ఆకారంలో సన్నటి గాట్లు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ చిరగడానికి. బాగున్నదాని నెత్తి అద్దంలా చదునుగా ఉంటుంది. గోటితో రాస్తే తెలుస్తుంది. మొదటి 5 ఓల్టుల కెపాసిటర్ నెత్తి పూరీలా గుండ్రంగా లేచి ఉంది, గాటు మధ్యలో ఆవగింజంత గోధుమరంగు పెచ్చు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ తగిలించినప్పుడు దాన్నుంచి నీచు వాసన వచ్చింది. ఆ వాసన వచ్చిందంటే ఎలక్ట్రోలైట్ బయటికి వచ్చినట్టే. రెండోది కొద్దిగా లేచింది. మూడోదాన్ని టార్చి అడ్డంగా పట్టి చూస్తే గానీ గుర్తుపట్టలేం.

కెపాసిటర్ల అడుగున ముదురు గోధుమరంగు జిగురు కనిపిస్తే లీకేజీ అనుకుని కంగారు పడకండి. వస్తువు కదలకుండా ఫ్యాక్టరీలో వేసిన పసుపు జిగురు వేడికి అలా మారుతుంది. అయితే దాన్ని వదిలేయనూ కూడదు. నల్లబడ్డ జిగురు కరెంటును కొంచెం కొంచెంగా పారనిస్తుంది, కాళ్లని తినేస్తుంది. అగరొత్తి పుల్ల చివర చదునుగా చెక్కి, దానితో గీకి తీసేశాను.

విడి భాగాలు కొనేముందు హెయిర్ డ్రయ్యర్ పరీక్ష ఒకటి చేశాను. ప్లగ్ తీసి ఉండగా కెపాసిటర్లున్న చోట రెండు నిమిషాలు వేడిగాలి కొట్టి, డ్రయ్యర్ పక్కన పెట్టి, దేన్నీ తాకకుండా ప్లగ్ పెట్టి రిమోట్ నొక్కాను. టీవీ వెంటనే వచ్చింది! వేడికి ఎలక్ట్రోలైట్ కాస్త పలచబడి లోపలి నిరోధం తగ్గుతుంది, అందుకే. ప్రాణం లేచొచ్చింది. కెపాసిటర్లే అని తేలింది కదా అనుకున్నాను. అది నిజమే. కానీ ఆ గాలి ఒక్క ఉబ్బినవాటికే తగల్లేదు, గీతకి అవతల ఉన్న చిన్నవాటికీ తగిలింది. ఆ సంగతి అప్పుడు బుర్రకి తట్టలేదు, పది రోజులు పోయింది.

అదే రోజు ఎల్‌సీఆర్-టీ4 అనే చిన్న కాంపోనెంట్ టెస్టర్ ఆన్‌లైన్‌లో 850 రూపాయలకి పెట్టాను. 12న వచ్చింది. మామూలు మీటర్‌లో ఉండే కెపాసిటీ రేంజి చాలదు. కెపాసిటర్ కొలత బాగానే చూపిస్తూ కూడా లోపలి నిరోధం, అంటే ఈఎస్ఆర్, పెరిగి ఉండొచ్చు. ఎస్ఎంపీఎస్‌లో, అంటే టీవీల్లో ఉండే ఈ స్విచింగ్ రకం పవర్ సప్లైలో, కెపాసిటర్‌ని పనికిరాకుండా చేసేది ఎక్కువగా ఈఎస్ఆరే. ఈ టెస్టర్‌కి పెట్టేముందు కెపాసిటర్‌ని బోర్డు నుంచి తీయాలి, కాళ్లు కలిపి ఖాళీ చేయాలి. ఛార్జీ ఉన్నది పెడితే టెస్టర్ పోతుంది.

డిసెంబర్ 14, శనివారం హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచాను. అక్కడ "థౌజండ్ బై సిక్స్‌టీన్" అంటే చాలు, 1000 మైక్రోఫారడ్ 16 ఓల్టులని వాళ్లకి అర్థమవుతుంది. కానీ ఏమీ చెప్పకపోతే చేతిలో పెట్టేది 85 డిగ్రీల వేడి దాకా మాత్రమే తట్టుకునేది. మొదటి షాపులో అదే ఇచ్చారు, 8 రూపాయలు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత యాంప్లిఫయర్‌కి అది పనికొస్తుంది. ఎస్ఎంపీఎస్‌లో సెకనుకి యాభై అరవై వేలసార్లు ఎక్కి దిగే కరెంటుకి అది నెలల్లో వేడెక్కి పోతుంది. "105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్" అని గట్టిగా అడగాలి. మూడో షాపులో దొరికాయి. నిచికాన్, రూబికాన్, పానసోనిక్ పేర్లతో నకిలీలు కూడా తిరుగుతుంటాయి. చేతిలో పెడితే తేలిగ్గా ఉండడం, తొడుగు మీద అక్షరాలు మసకబారి ఉండడం, గుర్తు ఒకదానిమీద ఒకలా ఇంకోదానిమీద ఇంకోలా ఉండడం చూసుకోవాలి. టెస్టర్ జేబులో ఉంది కాబట్టి అక్కడే కొలిచి తీసుకున్నాను. షాపాయన ఏమీ అనలేదు, పైగా తనవి కూడా రెండు కొలిచి చూపించమన్నారు.

కొన్నవి: 1000/16 నాలుగు, ఒక్కోటి 18, 1000/25 రెండు, ఒక్కోటి 28, 470/25 రెండు, ఒక్కోటి 20. మొత్తం 168. కరిగిన సోల్డర్‌ని పీల్చే సక్కర్ 130, దాన్ని అద్దుకునే రాగి జల్లి 60, 60/40 సోల్డర్ తీగ 50 గ్రాములు 180, శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 110. ఐరన్, మీటర్ ఇంట్లో ఉన్నాయి.

10 ఓల్టుల స్థానంలో 16, 16 స్థానంలో 25 ఎందుకంటే, ఓల్టేజీ రేటింగ్ పైకి వెళ్లడం ఎప్పుడూ మంచిదే, కిందికి మాత్రం దిగకూడదు. మైక్రోఫారడ్లు అంతే ఉంచాలి. 1000 చోట 2200 వేస్తే ఇంకా బాగుంటుందనుకోకండి, స్టార్టయ్యేటప్పుడు అది షార్ట్‌లా కరెంటు లాగి సప్లైని ఆపేయవచ్చు. సైజు ముందే కొలుచుకోవాలి. పాత 10 ఓల్టులవి 8 మిల్లీమీటర్ల లావు, కాళ్ల మధ్య మూడున్నర. కొత్తవి 10 మిల్లీమీటర్లు, కాళ్ల మధ్య 5. కాళ్లు కొద్దిగా లోపలికి వంచాల్సి వచ్చింది, రెండూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నాయి. ఎత్తు కూడా చూసుకోండి, వెనక డబ్బాకి తగిలితే బిగింపు పడదు.

15వ తేదీ ఆదివారం ఉదయం పని మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ అతుకులు సీసం లేని సోల్డర్‌తో వేసినవి, 217 డిగ్రీల దగ్గర గానీ కరగవు. మన 60/40 తీగ 183 దగ్గరే మెత్తబడుతుంది. అందుకని తీయాల్సిన అతుకు మీద ముందు కొత్త సోల్డర్ కాస్త కలిపితే రెండూ కలిసి తేలిగ్గా కరుగుతాయి. తీయడానికి వచ్చినవాళ్లం ఇంకా పోయడమేంటి అనిపిస్తుంది గానీ సగం పని దానివల్లే అయింది. 25 వాట్ల ఐరన్ ప్లస్ కాలికి సరిపోయింది. గ్రౌండ్ కాలు మాత్రం వెడల్పైన రాగి పరుపులో ఉంది, ఎంతసేపు పెట్టినా వేడిని పీల్చేస్తోంది. ఇక్కడ ఓపిక పోగొట్టుకుని, అతుకు పూర్తిగా కరగకముందే కెపాసిటర్‌ని పైనుంచి కాస్త లాగాను. టక్కున ఊడింది, దానితోపాటు ప్లస్ కాలి చుట్టూ ఉన్న రాగి ఉంగరం కూడా. గుండె జారింది.

ఆ ఉంగరం గోరు మీద మురికంత ఉంటుంది. బోర్డు ఒకే వైపు రాగి ఉన్న రకం కాబట్టి రంధ్రంలో లోహపు పూత లేదు, ఉంగరం లేస్తే కాలికి దారి తెగినట్టే. సరిచేయడం కష్టం కాదు. ఆ ట్రాక్ మీద పచ్చటి పూతని బ్లేడుతో ఐదు మిల్లీమీటర్ల మేర గీకి రాగి మెరిసేలా చేసి, దానిమీద సోల్డర్ పలుచగా పట్టించి, కొత్త కెపాసిటర్ కాలుని కోయకుండా ఆ ట్రాక్ మీదికి వంచి పొడుగునా అతికించాను. మీటర్‌తో బీప్ చూసుకున్నాను. మిగతావాటికి 60 వాట్ల ఐరన్ వాడాను. మూడు సెకన్లలో కరిగాయి, ఏ ఉంగరమూ లేవలేదు. ఎక్కువ వాట్ల ఐరన్ బోర్డుని పాడుచేస్తుందని భయపడతాం కానీ, తక్కువ వాట్లతో అరనిమిషం కాల్చడమే ఎక్కువ పాడుచేస్తుంది.

తీసినవాటిని కొలిస్తే ఇలా వచ్చాయి. 5 ఓల్టుల లైనులో ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్నది 1000కి బదులు 212 మైక్రోఫారడ్, ఈఎస్ఆర్ 4.1 ఓమ్‌లు. చిన్న కాయిల్ తర్వాతున్న రెండోది 640, 1.9 ఓమ్‌లు. 12 ఓల్టులది 730, 0.9. అదే వైపు ఉబ్బని 470 మైక్రోఫారడ్‌ది మాత్రం 448, 0.21, ఇంకా కొంత ప్రాణం ఉంది. కొత్త 1000/16 కొలత 962, 0.04. నాలుగు ఓమ్‌లకీ 0.04 ఓమ్‌కీ ఎంత తేడానో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అలల దెబ్బ మొదట తగిలేది కాయిల్‌కి ముందున్నదానికి కాబట్టి అదే ముందు చస్తుంది.

5 ఓల్టుల లైనే ముందు పోవడానికి ఇంకో కారణముంది. రిమోట్‌తో ఆపినా ప్లగ్ ఉన్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. రోజుకి ఆరు గంటలు చూస్తే 12 ఓల్టుల లైను పనిచేసేది 2,190 గంటలే. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసిన కెపాసిటర్ ప్రతి పది డిగ్రీలు తగ్గేకొద్దీ రెట్టింపు కాలం వస్తుందని లెక్క. 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు. రోజుకి ఆరు గంటలైతే ఏడేళ్లు, నిరంతరం అయితే రెండేళ్లలోపే. స్టాండ్‌బైలో లోపల అంత వేడి ఉండదు కాబట్టి మనవి పదేళ్లు లాగాయి. ఇప్పుడు రాత్రిళ్లు స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేస్తున్నాం.

రంధ్రాలు సక్కర్‌తో ఖాళీ చేసి, పళ్ల పుల్లతో శుభ్రం చేశాను. ధ్రువం విషయం: తొడుగు మీద లేత చార ఉన్నది మైనస్ కాలు. బోర్డు మీద గుండ్రంలో సగం తెల్లగా నింపి ఉంటే ఎక్కువ బోర్డుల్లో అది మైనస్, అన్నింట్లో కాదు. ఫోటో చూసుకుని, దానికి తోడు ఆ రంధ్రానికీ చల్లటి వైపు గ్రౌండ్‌కీ మీటర్ బీప్ అంటోందో లేదో చూసి పెట్టాను. తిరగేసి పెట్టిన ఎలక్ట్రోలైటిక్ కరెంటిచ్చాక పేలవచ్చు.

బిగించే ముందు సిరీస్ బల్బు పెట్టి చూడాలి. మెకానిక్ షాపుల్లో ఉండే చెక్క బోర్డే, ఒక హోల్డరూ ఒక సాకెట్టూ వరుసగా. ఇందులో పెట్టాల్సింది ఫిలమెంట్ బల్బు, ఎల్‌ఈడీది పనికిరాదు. 60 వాట్ల బల్బు కోసం వీధిలో నాలుగు షాపులు తిరిగాను, చివరికి ఇంట్లో పాత సామాన్ల డబ్బాలో దొరికింది. ప్లగ్ పెట్టగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే షార్ట్ లేనట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయాలి. నాది మెరిసి ఆరింది. 5 ఓల్టుల లైను 5.08. అంతకుముందు 4.3, 4.7 మధ్య ఊగేది. ఇక్కడ ఇంకో మాట: సిరీస్ బల్బు మీద టీవీ పూర్తిగా ఆన్ చేస్తే బ్యాక్‌లైట్ లోడుకి ఓల్టేజీ పడిపోయి ఆగిపోవచ్చు. అది లోపం కాదు. స్టాండ్‌బై దాకా సరిచూసుకుని, బల్బు తీసేసి నేరుగా పెట్టాలి. పెట్టాను, టీవీ వచ్చింది. సాయంత్రానికి 14 స్క్రూలూ బిగించేశాను.

16, 17 తేదీల్లో ఒక్క నొక్కుకే వచ్చింది. 18వ తేదీ బుధవారం ఉదయం ఆరింటికి మళ్లీ అదే టిక్ టిక్.

ఎంత ఉసూరుమనిపించిందో చెప్పలేను. నా సోల్డరింగే ఎక్కడో వదులైందని ముందు అనుకున్నాను. విప్పి, అతుకులన్నీ భూతద్దంతో చూసి, ఒక్కోదాన్నీ మళ్లీ కరిగించాను. లాభం లేదు. అప్పుడు టిక్ టిక్ గురించి ఆలోచించాను. సప్లై మొదలవ్వబోయి ఆగిపోవడం, మళ్లీ మొదలవ్వబోవడం, అదీ ఆ చప్పుడు. మరి మొదలుపెట్టేది ఎవరు? గీతకి అవతల, వేడి వైపున్న కంట్రోల్ ఐసీ, అంటే సప్లైని నడిపే చిప్. దాని పక్కన మిరియం గింజకంటే కాస్త లావుగా, 5 మిల్లీమీటర్ల మందంలో ఒక 47 మైక్రోఫారడ్ 50 ఓల్టుల కెపాసిటర్ ఉంది. నెత్తి చదునుగా, నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది.

దాని పని ఇది. ప్లగ్ పెట్టగానే ఐసీకి కావలసిన కరెంటు కొద్దికొద్దిగా ఈ కెపాసిటర్‌లో నిండుతుంది. బాగా వాడుకలో ఉన్న యూసీ3842 ఐసీ 16 ఓల్టులు చేరగానే మేలుకుంటుంది, 10కి పడితే పడుకుంటుంది. మేలుకున్న తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌లోని వేరే చుట్టు ఐసీని పోషించే దాకా, ఆ కొన్ని మిల్లీసెకన్లు ఈ కెపాసిటరే మోయాలి. ఎండిపోయినది మోయలేదు. ఓల్టేజీ జారుతుంది, ఐసీ పడుకుంటుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ జారుతుంది. ఉదయపు చలిలో ఇంకా బలహీనం. పైగా ఇంత సన్నటి కెపాసిటర్ల నెత్తిన ఆ గాట్లే ఉండవు, కాబట్టి ఉబ్బవు. పోయినా ముఖంలో తెలియదు. ఇది కూడా స్టాండ్‌బైతోపాటు ఏడాదికి 8,760 గంటలు, వేడి హీట్‌సింక్ పక్కనే నిలబడి పనిచేస్తుంది.

తీసి కొలిస్తే 47కి బదులు 11 మైక్రోఫారడ్, ఈఎస్ఆర్ 14 ఓమ్‌లు. కోఠికి వెళ్లేముందే దీన్ని తీసి కొలిచి ఉంటే అక్కడే నాలుగు రూపాయలకి దొరికేది. ఉబ్బిన మూడింటినీ మార్చడం వృథా కాలేదు, అవీ పోయినవే. వాటిని మార్చాక ఐసీ మీద భారం తగ్గి ఇది ఇంకో రెండు రోజులు లాగింది, అంతే.

మధ్యలో సెలవు దొరకదు కాబట్టి 18నే ఆన్‌లైన్‌లో పెట్టాను. 105 డిగ్రీల 47/50, పది ఉన్న ప్యాకెట్ 90, డెలివరీ 49. 23వ తేదీ సోమవారం వచ్చాయి. కొత్తది 6.3 మిల్లీమీటర్లు, ఇబ్బంది లేకుండా పట్టింది. ఇక్కడ కూడా 47 చోట 47 మాత్రమే. 100 వేస్తే నిండడానికి ఎక్కువసేపు పట్టి టీవీ ఆలస్యంగా మేలుకుంటుంది. అదే వైపు ఇంకో ఐసీ దగ్గరున్న రెండో 47/50 కూడా తీసి చూశాను, 38 మైక్రోఫారడ్, 2.6 ఓమ్‌లు. అదీ మార్చేశాను. బోర్డు ఎలాగూ బయటే ఉందని పెద్ద 450 ఓల్టులదాన్ని కూడా తీసి కొలిచాను. 109 మైక్రోఫారడ్, 0.6 ఓమ్. దానికేం కాలేదు, తిరిగి పెట్టేశాను.

వేడి వైపు ఓల్టేజీ కొలవాల్సి వస్తే మీటర్ నల్ల కడ్డీ పెద్ద కెపాసిటర్ మైనస్ కాలి దగ్గర పెట్టాలి, టీవీ రేకు చట్రానికి కాదు. ఆ రెండు గ్రౌండ్లూ వేరు. ప్లగ్ ఉండగా రెంటినీ కలిపితే ప్రాణాలమీదికొస్తుంది. నేను కడ్డీలకి మొసలి క్లిప్పులు ముందే తగిలించి, ఆ తర్వాత ప్లగ్ పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని చూశాను. ఐసీ ఓల్టేజీ 14.6 దగ్గర నిలకడగా నిలబడింది. ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి అతుకుల చుట్టూ ఫ్లక్స్, అంటే సోల్డర్ తీగ నుంచి వచ్చే జిగట మరక, తుడిచాను.

ఈసారి వెంటనే స్క్రూలు బిగించలేదు. వెనక డబ్బా ఊరికే మూసి, దగ్గరికి ఎవరూ వెళ్లకుండా చూసుకుని, రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి ఉదయం ఆరింటికి పెట్టడం వారం రోజులు చేశాను. పగలు ఎంత బాగా పనిచేసినా లెక్కలోకి రాదు, చల్లబడ్డ బోర్డు మీదే అసలు పరీక్ష. ఏడు ఉదయాలూ ఒక్క నొక్కుకే వచ్చింది. డిసెంబర్ 31న పూర్తిగా బిగించాను.

ఖర్చు మొత్తం 1,937 రూపాయలు. అందులో టెస్టర్ 850, విజిటింగ్ ఛార్జీ 300. ఆ రెండూ తీసేస్తే 787, అందులోనూ కెపాసిటర్ల ఖరీదు డెలివరీతో కలిపి 307. మిగిలింది సామాను, మళ్లీ పనికొస్తుంది. టీవీ లేకుండా గడిచింది పదమూడు పద్నాలుగు రోజులు. అందులో చేతిపని రెండు పూటలే, మిగతాదంతా పార్సిల్ కోసం ఎదురుచూపు.

జనవరి 14న సంక్రాంతి ఉదయం ఐదున్నరకి, ఇంట్లో అందరూ లేచేసరికి, చలి బాగా ఉంది. రిమోట్ ఒకసారి నొక్కారు, ఎర్ర లైటు పోయి నాలుగు సెకన్లలో బొమ్మ వచ్చింది. మిగిలిన ఎనిమిది 47/50లనీ, రెండు 1000/16లనీ కవర్లో వేసి టీవీ వెనక గోడకి టేపుతో అతికించాను. హాల్లో సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ కూడా నిన్నటి నుంచి ఉదయం పూట కొంచెం ఆలస్యం చేస్తోంది.